పలుకులు (డ్రై ఫుడ్ గింజలు) తప్ప ముట్టని పిల్లికి ఇంటి మాంసం అలవాటు చేయడం: మెట్టు మెట్టుగా

చికెన్ పెడితే వాసన చూసి వెళ్లిపోతుంది. పంజాతో నేల గీరి, లేని మట్టిని దాని మీదికి కప్పుతుంది. ఆ తర్వాత డ్రై ఫుడ్ డబ్బా ముందు కూర్చుని అరుస్తుంది. చాలామంది ఇక్కడితోనే "మా పిల్లికి మాంసం పడదు" అని వదిలేస్తారు. నిజానికి చాలాసార్లు అది మాంసాన్ని కాదనడం లేదు, కొత్తదాన్ని కాదంటోంది. చిన్నప్పుడు తిన్న తిండి వాసన, ముక్క గట్టిదనం, ఆకారం పిల్లికి బాగా గుర్తుండిపోతాయి. వాటన్నిటినీ ఒకేసారి మారిస్తే మొండికేస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చుకుంటూ వెళితే దారికొస్తుంది. కింది మెట్లన్నీ ఆ లెక్కమీదే కట్టినవి.

లెక్కలన్నీ నాలుగు కిలోల, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి. మీ పిల్లి బరువును బట్టి సరిచూసుకోండి.

## 1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

పచ్చిదా, ఉడికినదా? కోడిమాంసం అయితే ఉడికించే పెట్టండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలింది. ఆ ఏడాది మొదట్లోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పెంపుడు పిల్లుల్లో అదే హెచ్5ఎన్1 వైరస్ బయటపడింది. ఫ్రీజర్‌లో పెడితే చాలదా అంటే, చాలదు. 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో ఫ్రీజ్ చేసిన పచ్చి టర్కీ క్యాట్ ఫుడ్ తిన్న ఇంటిపిల్లి ఈ వైరస్‌తోనే చనిపోయింది. చలి వైరస్‌ను దాస్తుంది, వేడి చంపుతుంది. సాల్మొనెల్లా బాక్టీరియా సంగతీ అంతే. మేక, పొట్టేలు మాంసం విషయం కొంచెం వేరు, దాని గురించి 8వ భాగంలో చూడండి.

ఏ పిల్లికి సొంతంగా మొదలుపెట్టకూడదు?

- ఏడాది నిండని పిల్లికూనలు, చూలు పిల్లులు, పాలిచ్చే పిల్లులు.
- కిడ్నీ, పాంక్రియాస్ జబ్బులున్నవి, మూత్రంలో రాళ్ల కోసం డాక్టర్ రాసిన తిండి తింటున్నవి.
- ఇన్సులిన్ తీసుకునేవి. పలుకుల్లోని పిండిపదార్థం తగ్గిందంటే పాత మోతాదు ఇన్సులిన్ ఎక్కువైపోయి షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది.
- ఉన్నట్టుండి తిండి తగ్గించినవి. ఇది మొండితనం కాకపోవచ్చు. పంటినొప్పి, చిగుళ్ల వాపు, జలుబుతో మూసుకుపోయిన ముక్కు ఉన్న పిల్లి వాసన రాని తిండిని, నమలాల్సిన తిండిని వదిలేస్తుంది. ముందు నోరు చూపించండి.

ఆకలితో లొంగదీయొద్దు. "రెండు రోజులు మాడిస్తే అదే తింటుంది" అన్న సలహా కుక్కలకు చెల్లుతుందేమో, పిల్లికి ప్రాణాంతకం. తిండి ఆగిన పిల్లి ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి పేరుకుపోతుంది. దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. బొద్దుగా ఉన్న పిల్లులకే ఈ ముప్పు ఎక్కువ. అందుకే ఈ రెండు గీతలు దాటొద్దు:

- 24 గంటల్లో రోజు తిండిలో సగం కూడా తినకపోతే పాత తిండి పెట్టేయండి. పంతాలు వద్దు.
- పాత తిండి కూడా ముట్టకపోతే, లేదా 48 గంటలుగా దాదాపు ఏమీ తినకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇంకొకటి. ఏప్రిల్, మే ఎండల్లో పిల్లులు మామూలుగానే తక్కువ తింటాయి, పెట్టిన మాంసమూ గంటలో పాడవుతుంది. వానలు పడ్డాక మొదలుపెట్టండి.

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

- గ్రాముల్లో తూచే వంటింటి కాటా. చెంచా లెక్కలతో ఈ పని సాగదు.
- పిల్లి బరువు చూడటానికి సూట్‌కేసులు తూచే వేలాడే కాటా. పిల్లిని బుట్టలో పెట్టి తూచి, బుట్ట బరువు తీసేయండి.
- లోతు లేని రెండు స్టీలు పళ్లేలు. పలుకులు తినే గిన్నెను పలుకులకే ఉంచండి, కొత్త తిండికి కొత్త పళ్లెం.
- ఇడ్లీ పాత్ర, అందులో పట్టే స్టీలు గిన్నె, మిక్సీ.
- 40-50 గ్రాములు పట్టే చిన్న మూత డబ్బాలు.
- పలుకులకు గాలి చొరని డబ్బా. గదిలో పలుకుల వాసన ఉన్నంతసేపూ పిల్లి వాటికోసమే ఎదురుచూస్తుంది.

పళ్లేలు కడిగే సబ్బు దగ్గర చాలామంది తెలియకుండా ఓడిపోతారు. మన గిన్నెల సబ్బుల్లో చాలావాటికి నిమ్మ వాసన ఉంటుంది, పిల్లులకు అది గిట్టదు. సబ్బుతో తోమాక వేడినీళ్లతో రెండుసార్లు తొలిచి ఆరబెట్టండి.

## 3. ముందు పూటలు కట్టండి, తర్వాతే మాంసం

రోజంతా గిన్నెలో పలుకులు ఉండే ఇంట్లో ఏ చిట్కా పనిచేయదు. పిల్లికి ఆకలి వేసే వ్యవధే ఉండదు. అందుకని మొదటి రెండు వారాలు మాంసం జోలికి వెళ్లకండి.

1. ఇప్పుడు రోజుకు ఎన్ని గ్రాముల పలుకులు తింటోందో మూడు రోజులు తూచి రాసుకోండి. నాలుగు కిలోల పిల్లికి సాధారణంగా 50 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది.
2. అంతే మొత్తాన్ని నాలుగు పూటలకు పంచండి. ఉదాహరణకు పొద్దున 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 10.
3. ప్రతి పూటా అరగంట ఉంచి తీసేయండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి.
4. వారం తర్వాత మూడు పూటలకు తగ్గించవచ్చు.

పూటకు ముందు పది నిమిషాలు తాడుతోనో ఈకతోనో పరుగెత్తించండి. వేటాడి తినడం పిల్లి స్వభావం. ఆట ముగిసిన వెంటనే పెట్టిన తిండికి దక్కే గౌరవం వేరు.

ఈ రెండు వారాల్లో ఇంట్లోవాళ్లందరికీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: మధ్యలో బిస్కెట్ ముక్క, పెరుగు, పాలు పెట్టకూడదు. ఎంత కట్టుదిట్టం చేసినా, అమ్మమ్మో తాతయ్యో జాలిపడి గుప్పెడు పలుకులు వేసే ఇంట్లో లెక్క తప్పుతూనే ఉంటుంది. వాళ్ల చేతికే ఒక పూట అప్పగించేయడం మంచి ఉపాయం.

## 4. మాంసం వండే తీరు

ఒక కిలోకి పాళ్లు:

- తోలు తీసిన కోడి తొడ బోన్‌లెస్: 750 గ్రాములు
- కోడి గుండెకాయలు: 150 గ్రాములు
- కందనకాయలు: 50 గ్రాములు
- లివర్: 50 గ్రాములు, అంతకు మించొద్దు

పిల్లి గుండెకు, కళ్లకు తప్పనిసరైన పోషకం టౌరిన్. బ్రెస్ట్ కంటే తొడ మాంసంలో అది ఎక్కువ, వాసనా ఎక్కువ. గుండెకాయల్లోనూ టౌరిన్ బాగా ఉంటుంది. చికెన్ సెంటర్‌లో గుండెకాయలు విడిగా అడిగితే చౌకగానే ఇస్తారు. లివర్ ఇష్టంగా తింటోంది కదా అని పెంచితే ముందు విరేచనాలు పట్టుకుంటాయి. నెలల తరబడి ఎక్కువైతే విటమిన్ ఎ పేరుకుని మెడ ఎముకలు బిగుసుకుపోతాయి.

వండటం:

1. మాంసానికి పసుపు, ఉప్పు, నిమ్మరసం పట్టించకండి. కూరకు కడిగే అలవాటు ఇక్కడ పనికిరాదు. కుళాయి కింద కడిగితే సింకు నిండా క్రిములు చిందుతాయి, అవి చచ్చేది ఉడికినప్పుడే.
2. రెండంగుళాల లోపు ముక్కలు కోసి స్టీలు గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను ఇడ్లీ పాత్రలో ఉంచి ఆవిరి మీద 15 నిమిషాలు ఉడికించండి.
3. అన్నిటికంటే మందంగా ఉన్న ముక్కను కోసి చూడండి. లోపల గులాబీ రంగు ఉండకూడదు, రసం తేటగా రావాలి. థర్మామీటర్ ఉంటే నడిమధ్య 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి.
4. గిన్నెలో ఊరిన రసాన్ని పారబోయొద్దు. టౌరిన్ నీటిలో కరిగి అందులోకి దిగుతుంది. ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేస్తే మిగిలేది పిప్పి. టౌరిన్ లోపిస్తే పిల్లికి గుండె కండరం సాగిపోతుంది, కంటిచూపు పోతుంది.
5. మూడో వంతును మిక్సీలో మెత్తగా తిప్పండి, మూడో వంతును పీచులా చీల్చండి, మిగతాది బఠాణీ గింజంత ముక్కలు చేయండి. ఎందుకో తర్వాతి భాగంలో తెలుస్తుంది.
6. రసం కలిపి, చల్లారాక డబ్బాల్లో పెట్టండి. ఫ్రిజ్‌లో రెండు రోజులు, మిగతాది ఫ్రీజర్‌లో నెల లోపు. నెల దాటితే కొవ్వు కంపు పడుతుంది. మనకు తెలియదు గానీ పిల్లికి తెలుస్తుంది.

కరెంటు పోయి ఒకసారి కరిగిన డబ్బాను మళ్లీ గడ్డకట్టించొద్దు. ఆ రోజే వాడండి, లేదంటే పారేయండి.

వంటలో ఎప్పుడూ పడకూడనివి: ఉల్లి, వెల్లుల్లి, అల్లం వెల్లుల్లి పేస్టు, మసాలా. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను విరిచేస్తాయి. మీ కూరలోంచి ముక్క తీసి కడిగి పెట్టడం కూడా వద్దు. ఉడికిన ఎముక పెళుసై పుల్లల్లా చీలుతుంది, ఒక్కటీ పెట్టకండి.

## 5. పిల్లి ఇష్టాన్ని కనిపెట్టే పరీక్ష

మూడు నాలుగు రోజులు, పొద్దుటి పూటకు ముందు మాత్రమే చేయండి. ఆకలి ఎక్కువ ఉండేది అప్పుడే.

ఒకే పళ్లెంలో అరచెంచా చొప్పున మూడు కుప్పలు పెట్టండి. మొదటి రోజు మూడూ కోడిమాంసమే, ఆకారం వేరు: ముద్ద, పీచు, ముక్క. ఏది నాకింది, దేన్ని దాటేసింది చూడండి. రెండో రోజు గెలిచిన ఆకారంలోనే మూడు మాంసాలు: కోడి, మేక ఖీమా, ఉడికించి ముళ్లు తీసిన చేప. మూడో రోజు గెలిచిన మాంసంలోనే రెండు రకాల వేడి: గది వేడి ఒకటి, గోరువెచ్చనిది ఒకటి.

చాలా పిల్లులు గోరువెచ్చనిదాన్నే ఎంచుకుంటాయి. పట్టిన ఎలుక ఒంటి వేడి ఎంతో అంత, అంటే 37-38 డిగ్రీలు. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసానికి వాసనే ఉండదు. డబ్బాను వేడినీళ్ల గిన్నెలో ఐదు నిమిషాలు ఉంచి, మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి, వెచ్చగా తగలాలి. మైక్రోవేవ్‌లో పెడితే ఒక పక్క కాలిపోతూ ఇంకో పక్క చల్లగా ఉంటుంది. ఒకసారి నాలుక కాలిందంటే ఆ తిండిని వారాలపాటు నమ్మదు.

పలుకుల పిల్లికి తరచూ గట్టి ముక్క నచ్చుతుంది, పౌచ్‌లలో వచ్చే తడి తిండి తిన్న పిల్లికి ముద్ద. తరచూ అంటున్నాను, ఎప్పుడూ కాదు. అందుకే ఈ పరీక్ష.

## 6. పలుకుల పిల్లిని ఎక్కించే మెట్లు

ఒక లెక్క గుర్తుంచుకోండి: 10 గ్రాముల పలుకులకు బదులు సుమారు 30 గ్రాముల మాంసం. కేలరీలు దాదాపు సమానం. పూర్తిగా మారాక నాలుగు కిలోల పిల్లి రోజుకు 130-160 గ్రాములు తింటుంది. రసంతో కలిపి తూస్తే ఉడికినదీ దాదాపు పచ్చి బరువే తూగుతుంది.

ప్రతి మెట్టు మీద కనీసం మూడు రోజులు ఉండండి. మొదటి మెట్టు తప్ప, మిగతావాటిలో వరుసగా మూడు పూటలు పళ్లెం ఖాళీ చేస్తేనే పైమెట్టు.

మెట్టు 1. పక్కన ఉంచడం. పలుకుల గిన్నెకు జానెడు దూరంలో కొత్త పళ్లెంలో అరచెంచా వెచ్చని మాంసం పెట్టండి. తినాలని చూడొద్దు. ఆ వాసన ఉన్నచోట ప్రశాంతంగా పలుకులు తింటే చాలు. రోజురోజుకూ పళ్లెం దగ్గరకు జరపండి.

మెట్టు 2. పలుకుల పొడి. పలుకుల్ని మిక్సీలో పొడి చేయండి. బఠాణీ గింజంత మాంసం ముక్కలు మూడు నాలుగు తీసుకుని అందులో దొర్లించి, పొద్దున పలుకుల కంటే ముందు పెట్టండి. వాసన పాతది, నమిలితే లోపల కొత్తది. మొండి పిల్లుల్లో ఎక్కువ భాగం లొంగేది ఇక్కడే, దీన్ని దాటేయడానికి తొందరపడొద్దు.

మెట్టు 3. అడుగున పూత. పళ్లెంలో మెత్తటి మాంసాన్ని దోసె పిండి పూసినట్టు పలుచగా రాసి, పైన పలుకులు చల్లండి. పలుకులు ఏరుకుంటున్నప్పుడు నాలుకకు మాంసం తగులుతుంది. మొదట్లో పలుకులన్నీ నెమ్మదిగా ఏరుకుని పూతను వదిలేసినా ఫర్వాలేదు. తడిసిన పలుకుల్ని మాత్రం అరగంట తర్వాత పారేయాలి, తడి తగిలిన పలుకులు వేగంగా చెడతాయి.

మెట్టు 4. ఒక్క పూటలో మార్పిడి. పొద్దుటి పూటలో 3 గ్రాముల పలుకులు తీసి 10 గ్రాముల మాంసం. తర్వాత 6 తీసి 20. తర్వాత 10 తీసి 30. పైన పలుకుల పొడి చిటికెడు. మిగతా పూటలు పాతవే.

మెట్టు 5. పూట మొత్తం. పొద్దున పూర్తిగా మాంసమే. పొడిని రోజుకు కొంచెం తగ్గించండి. పొడి లేకుండా వారం నడిచాకే రెండో పూటకు వెళ్లండి.

పలుకుల మీద తడి తగిలితేనే పారిపోయే పిల్లులుంటాయి. వాటికి మధ్యలో పౌచ్ మెట్టు కట్టండి. ముందు దుకాణంలో దొరికే వెట్ ఫుడ్ పౌచ్ అలవాటు చేసి, తర్వాత అదే పౌచ్‌లో పావుచెంచా ఉడికిన మాంసం ముద్ద కలపండి. రెండు మూడు రోజులకోసారి పావుచెంచా పెంచండి. ఖర్చు పెరుగుతుంది కానీ కచ్చితమైన దారి ఇది.

ఎన్నాళ్లు పడుతుంది? కుర్ర పిల్లి మూడు నాలుగు వారాల్లో వస్తుంది. ఎనిమిదేళ్లు పలుకులే తిన్నదానికి మూడు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు.

## 7. పాలన్నం పిల్లి, చేపల పిల్లి

మన ఊళ్లలో ఈ రెండు రకాలే ఎక్కువ, వీటి పని పలుకుల పిల్లి కంటే తేలిక. తడి తిండి వీటికి ముందే అలవాటు.

పాలన్నం, పెరుగన్నం తినేది: మొదటి మూడు రోజులు పాల బదులు ఆవిరికి ఊరిన మాంసం రసంతో అన్నం మెత్తగా పిసికి పెట్టండి. తర్వాత నాలుగు చెంచాల అన్నంలో ఒక చెంచా తీసి ఒక చెంచా మాంసం ముద్ద కలపండి. మూడు నాలుగు రోజులకోసారి ఇంకో చెంచా. రెండు మూడు వారాల్లో అన్నం మాయమవుతుంది. అన్నం పిల్లులు తరచూ చాలా బక్కగా, టౌరిన్ లోపంతో ఉంటాయి. నెమ్మదిగా పోదామని ఒకే మెట్టు మీద నెలలు కూర్చోవద్దు.

చేప తప్ప ముట్టనిది: చేప వాసన బలమైనది కాబట్టి దాన్నే ఎరగా వాడండి. ఉడికించిన చేప రసంలో కోడిమాంసం పీచును పది నిమిషాలు నానబెట్టి, చేపలో కొద్దికొద్దిగా కలపండి. చేపను వారానికి ఒకటి రెండు పూటలకు దించడం గురి. కవళ్లు, కానాగంతల లాంటి నూనె చేపలే రోజూ పెడితే విటమిన్ ఇ తరిగి ఒంట్లో కొవ్వు వాచి నొప్పి పుడుతుంది. పచ్చి చేపల్లో చాలావాటిలో థయామిన్‌ను, అంటే విటమిన్ బి1ను విరిచే ఎంజైమ్ ఉంటుంది. అది లోపించిన పిల్లి తల కిందికి వాల్చేసి తూలుతుంది. చేపను ఎప్పుడూ ఉడికించే పెట్టండి.

ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యల పొడి గొప్ప ఆకర్షణ. అయితే వాటికి ఉప్పు దట్టంగా ఉంటుంది. అరగంట నానబెట్టి, నీళ్లు పారబోసి, మళ్లీ ఎండబెట్టి పొడి చేయండి. వాడేది చిటికెడే.

## 8. పచ్చిమాంసమే పెట్టాలనుకుంటే

ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, కీమో తీసుకునేవాళ్లు, ముసలివాళ్లు ఉంటే ఈ భాగం మీకు కాదు. పచ్చిమాంసం తిన్న పిల్లి పైకి బాగానే ఉండి మలంలో సాల్మొనెల్లా వదలవచ్చు.

మిగతావాళ్లకు నియమాలు ఇవీ:

- కోడి, బాతు, పంది, చేప పచ్చిగా వద్దు. మేక లేదా పొట్టేలు తొడ కండ, ఒకే పెద్ద ముక్కగా, ఆ ఉదయం కోసినది.
- దుకాణంలో ఖీమా కొట్టించొద్దు. కండ ముక్కకు క్రిములు పైభాగానే ఉంటాయి. ఖీమా చేస్తే లోపలిదాకా కలిసిపోతాయి, ఆ మిషన్‌లో అంతకుముందు పడిన మాంసం కూడా దానికి తోడు.
- మైనస్ 20 డిగ్రీల్లో వారం ఉంచండి. టాక్సోప్లాస్మా లాంటి పరాన్నజీవులు చస్తాయి. బాక్టీరియా చావదు.
- వాడే రోజు ముక్కను సలసల కాగే నీళ్లలో ఒక నిమిషం ముంచి తీయండి. తర్వాత వేరే కత్తితో, వేరే పలక మీద చిన్న ముక్కలు కోయండి.
- పెట్టాక 20 నిమిషాల్లో పళ్లెం తీసేయండి.

అలవాటు చేసే తీరు ఉడికినదాని మీదుగానే. ముందు పూర్తిగా ఉడికిన మేక మాంసానికి అలవాటు పడాలి. తర్వాత ఆవిరి మీద ఉంచే సమయాన్ని వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున తగ్గిస్తూ పోయి, చివరికి ఆ ఒక్క నిమిషం ముంచడం దగ్గర ఆగండి. పలుకుల నుంచి నేరుగా పచ్చిమాంసానికి దూకించాలని చూసేవాళ్లే ఎక్కువగా ఓడిపోతారు.

## 9. కలపాల్సిన పొడులు, వాటిని దొంగచాటుగా దించడం

ఉత్త మాంసం పూర్తి తిండి కాదు. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్య విభాగం వాళ్లు పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో దొరికే 114 పిల్లి వంటకాలను చూస్తే, లెక్క కట్టడానికి వీలైన వాటిలో ఒక్కటి కూడా అన్ని పోషకాలనూ సరిపడా ఇవ్వలేదు. కాబట్టి రోజు తిండిలో పదో వంతు దాకా ఉత్త మాంసం ఫర్వాలేదు. అది దాటుతోందంటే పొడులు మొదలవ్వాలి.

కిలో మాంసానికి:

- కాల్షియం: గుడ్డు పెంకు పొడి 6 గ్రాములు, అంటే ఇంచుమించు ఒక గుడ్డు పెంకు. ఎముకలేని మాంసంలో ఫాస్ఫరస్ మెండు, కాల్షియం దాదాపు సున్నా. పెంకును పది నిమిషాలు మరిగించి, ఆరబెట్టి, మిక్సీలో గోధుమపిండి అంత మెత్తగా కొట్టి జల్లించండి. గరుకు తగిలితే పిల్లి వదిలేస్తుంది.
- టౌరిన్: 2 గ్రాములు. సప్లిమెంట్ దుకాణాల్లో పొడిగా దొరుకుతుంది. ఎనర్జీ డ్రింకులు దీనికి ప్రత్యామ్నాయం కావు.
- పిల్లుల విటమిన్-మినరల్ ప్రీమిక్స్: బి విటమిన్లు, విటమిన్ డి, ఇ, అయోడిన్, జింక్, మాంగనీస్ కోసం. డబ్బా మీద రాసిన పాళ్లు పాటించండి. అందులో కాల్షియం, టౌరిన్ ముందే ఉంటే పైవి విడిగా వేయకండి. దుకాణంలో మొదట చేతికిచ్చే మల్టీవిటమిన్ సిరప్ దీనికి సాటి రాదు. ప్రీమిక్స్ దొరక్కపోతే జంతువుల పోషకాహారం తెలిసిన పశువైద్యుడితో మీ వంటకాన్ని లెక్క వేయించుకోండి. అప్పటిదాకా సగానికి పైగా పాత తిండే ఉంచండి.
- చేపనూనె: 1 గ్రాము క్యాప్సూల్స్ రెండు, గుచ్చి పిండాలి. కాడ్ లివర్ ఆయిల్ వద్దు, లివర్‌తో కలిస్తే విటమిన్ ఎ మితిమీరుతుంది.

పొడులు ఎప్పుడూ చల్లారిన మాంసంలోనే కలపండి.

ఇక అసలు చిక్కు. నెల కష్టపడి మాంసం అలవాటు చేస్తారు, ఒక రోజు పొడులన్నీ కలుపుతారు, పిల్లి ముఖం తిప్పేసుకుంటుంది. నేరం మాంసానిది కాదు, బి విటమిన్ల కంపుది. పెంకు పొడికి, టౌరిన్‌కు వాసన దాదాపు లేదు. వాటిని మొదటి వంట నుంచే వేయవచ్చు. ప్రీమిక్స్, చేపనూనె మాత్రం వంటకు వంట పెంచండి: మొదటి కిలోలో సున్నా, రెండో కిలోలో పావు మోతాదు, మూడో కిలోలో సగం, నాలుగో కిలోలో ముప్పావు, ఐదులో పూర్తి. మధ్యలో ఎక్కడ ఆగిపోతే ఆ ముందు మోతాదుకు దిగి వారం ఉండండి.

## 10. ఎక్కడ బెడిసికొడుతుంది, ఏం చేయాలి

రసం నాకి ముక్క వదిలేస్తోంది. ముక్క పెద్దదైనా అయ్యుండాలి, పౌచ్‌ల అలవాటైనా అయ్యుండాలి. ముద్ద చేసి రసం ఎక్కువ కలపండి. వారం తర్వాత పీచు కలపడం మొదలుపెట్టండి.

రెండు రోజులు లొట్టలేసుకుని తిని మూడో రోజు మానేసింది. ఏం మారిందో వెతకండి. కొత్త డబ్బా తెరిచారా, వేడి చేయడం మరిచారా, తొడ బదులు బ్రెస్ట్ తెచ్చారా, పళ్లెం చోటు మారిందా? ఏదీ లేకపోతే ఒక పూట కింది మెట్టు తిండి పెట్టి మర్నాడు మళ్లీ చూడండి.

తిన్న ఐదు నిమిషాల్లో కక్కేసింది. గబగబా మింగడమో, మాంసం చల్లగా ఉండటమో కారణం. వెచ్చబెట్టి, వెడల్పు పళ్లెంలో పలుచగా పరిచి సగం మోతాదే పెట్టండి. రోజుకు రెండుసార్లకు మించి కక్కినా, నీరసంగా ఉన్నా డాక్టర్ పని.

విరేచనాలు. లివర్ పాళ్లు, తోలు కొవ్వు, మెట్ల వేగం చూడండి. ఒక మెట్టు దిగి ఐదు రోజులు అక్కడే ఉండండి. రక్తం కనిపిస్తే, లేదా విరేచనాలు ఒక రోజు దాటితే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మలం తెల్లగా సుద్దలా పొడిపొడిగా వస్తోంది. పెంకు పొడి ఎక్కువైంది. మళ్లీ తూచండి. పూటకు రెండు చెంచాల రసమో నీళ్లో కలపండి.

నీళ్లు తాగడం మానేసింది, మలం రెండు రోజులకోసారి కొంచెమే వస్తోంది. ఇది మామూలే. పలుకుల్లో నీరు పదో వంతు కూడా ఉండదు, మాంసంలో 70 శాతానికి పైనే. వ్యర్థం తక్కువ కాబట్టి మలమూ తక్కువ. కానీ మగపిల్లి లిట్టర్ బాక్స్‌లో (మలమూత్రాలకు పెట్టే మట్టి పెట్టెలో) మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క మూత్రం రాకపోతే అది మలబద్ధకం కాదు, మూత్రనాళం మూసుకుపోయింది. రాత్రయినా సరే అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఒక పిల్లి తింటుంది, ఇంకోటి తినదు. వేర్వేరు గదుల్లో పెట్టండి. బలమైన పిల్లి పక్కన ఉంటే రెండోది కొత్త తిండి దగ్గరికే రాదు.

మందుబిళ్లను ఈ కొత్త మాంసంలో దాచి పెట్టకండి. చేదు ఒక్కసారి తగిలితే చాలు, నెలరోజుల పని పోతుంది. కొత్త తిండిని మూతికి పూయడం, నోట్లో కుక్కడం కూడా అంతే.

## 11. రోజూ, వారం వారం చూసుకోవాల్సినవి

రోజూ:

- పెట్టింది ఎంత, మిగిలింది ఎంత, గ్రాముల్లో.
- సగానికి పైగా తిందా లేదా.
- మలం ఆకారం, మూత్రంతో లిట్టర్‌లో కట్టిన గడ్డలు ఎన్ని.

వారానికోసారి, ఒకే సమయంలో బరువు. నాలుగు కిలోల పిల్లి వారంలో 80 గ్రాముల కంటే ఎక్కువ తగ్గితే మెట్లు ఆపి పాత తిండి పెంచండి. బొద్దు పిల్లి తగ్గుతోంది కదా అని సంతోషించొద్దు, వేగంగా తగ్గడమే దానికి ప్రమాదం.

పూర్తిగా మారిన మూడు నెలలకు, ఆపైన ఏడాదికోసారి రక్తపరీక్ష, మూత్రపరీక్ష చేయించి, మీ వంటకం కాగితం మీద రాసి డాక్టర్‌కు చూపించండి. నోటితో "చికెన్ పెడుతున్నాం" అంటే వాళ్లకు ఏమీ తెలియదు.

మాంసానికి మారాక కూడా వారానికి ఒక పూట పాత పలుకులో పౌచో పెడుతూ ఉండండి. సంక్రాంతికి ఊరెళ్లి పిల్లిని పక్కింట్లో వదిలినప్పుడు, బర్డ్ ఫ్లూ వార్తలతో చికెన్ సెంటర్లు మూతపడినప్పుడు దానికి తినగలిగిన తిండి ఇంకొకటి ఉండాలి.